రాగి టాకాలు

వానకోట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
హిల్కా కత్తిరింపు బల్ల దగ్గర నిలబడింది.
నేను బొత్తాల దగ్గర.
ఫ్యాక్టరీకి తాళం పడ్డ చలికాలం
నేను గళ్ళ నుడికట్లు పూరిస్తూ కూర్చున్నాను.
తను నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు మూడు తెప్పించుకుంది.

"ఇదీ కోటే కదా రాకెల్," అంది.
"ఇన్నాళ్ళూ ఒంటి మీద వాన పడకుండా కుట్టాం.
ఇప్పుడు సరస్సు పడకుండా."

హాల్లో సోఫా అమ్మేసింది.
షీటు పొడవు చాలక, రెండేసి ముక్కల అంచుల్ని
ఏటవాలుగా, కాగితమంత పలచనయ్యేదాకా చిత్రిక పట్టి
ఒకదాని మీద ఒకటి అతికించింది.
అతుకు కోసం వేలితో తడిమాను, తగల్లేదు.
దర్జీ సుద్దతో గీతలు.
ఆ పలకలకి చాతీ, నడుము, భుజం అని పేర్లు.

మూడో వారం ఫోను:
"రెండూ ఎడమవే కోశాను."
పెట్టేసింది.

పదిహేడేళ్ళప్పుడు నలభై కోట్లకి
రెండు చేతులూ ఎడమవే కత్తిరించి
ఉప్పుబస్తాల వెనక దాక్కుని ఏడ్చిన పిల్ల.
బూట్ల లేసులు కట్టుకోకుండా మంచులో పరిగెత్తాను.
వెళ్ళేసరికి నేల మీద కూర్చుని
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతోంది.
పలకని తిరగేసి చూపించింది.
కుడిది.
"రబ్బరు బట్టకి మంచివైపూ చెడ్డవైపూ ఉంటాయే,
దీనికి లేవు. దీనికి లేవు రాకెల్!"

అంచుల వెంట జానెడు జానెడుకో బెజ్జం.
రాగి తీగ దూర్చి, పట్టకారుతో మెలి.
బొత్తం కాడకి దారం చుట్టిన మణికట్టే నాది,
రెండో రోజుకి పని పట్టుబడింది.
మూడు వందల పైచిలుకు టాకాలు.
నేలకి అంటుకుని పడున్న చెక్కలు
ఎక్కడో ఒక టాకా దగ్గర, ఏ టాకాయో చెప్పలేను,
ఒళ్ళు విరుచుకుని లేచాయి.
ఇద్దరం వెనక్కి జరిగాం,
గదిలోకి ఎవరో వచ్చినట్టు.

ఫిబ్రవరిలో జిగురు గడ్డకట్టింది.
సౌనాలో పై మెట్టు మీద మేం,
కింది మెట్టు మీద తువ్వాలు చుట్టుకుని జిగురు సీసాలు.
ఐదు మీటర్ల పడవకి ఇల్లు చాలక
ముక్కు సౌనాలో, తోక వంటగదిలో.
రెండు నెలలు హిల్కా
దాని కింద నుంచి పాకి కాఫీ పెట్టుకుంది.

పై వాటా ఒయ్వా వాసన భరించలేక
కాగితం రాసి తలుపుకి అంటించాడు.
దాని మీదే జిగురు పాళ్ళు లెక్క వేసింది.

గాజుబట్ట పరిచిన రోజు నాకు బాగా గుర్తు.
తెల్లటి బట్ట, పెళ్ళిగౌను బట్టలా.
పైన జిగురు పొయ్యగానే
తెలుపంతా ఇంకిపోయి చెక్క నారలు బయటపడ్డాయి.
"ఇంత మంచి బట్ట, కనపడకుండా పోయిందే," అన్నాను.
"ఉంది," అంది, బుడగ నొక్కుతూ.

తర్వాత టాకాలు విప్పాలట!
నాకు గుండె ఆగినంత పనైంది.
ఒక్కో తీగనీ లైటరుతో కాల్చి లాగుతోంటే
నేను రెండు చేతులతో అంచులు పట్టుకున్నాను,
ఎక్కడ విచ్చుకుంటుందోనని.
జామ్ సీసా నిండా వంకర్లు తిరిగిన రాగి.
"వదిలెయ్," అంది.
వదిలాను.
అలాగే ఉంది.

మే ఆరున సైమా సరస్సు మీద మంచు విరిగింది.
తలుపులోంచి పట్టదని అప్పుడు తెలిసింది,
అంటే నాకు. తనకి ముందే తెలుసు,
కిటికీ కొలతలు జనవరిలోనే గోడ మీద రాసుంచింది.
చట్రం ఊడదీసి, ముక్కు తను, నడుము నేను,
తోక ఒయ్వా.
వాసన గురించి ఒక్క మాట అనలేదు పాపం,
జారుతుందేమోనని ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

నీళ్ళు సీసంలా ఉన్నాయి.
హిల్కా తొడుక్కుంది దాన్ని, ఎక్కలేదు.
నాలుగు తెడ్లు వేసి ఆగింది.
వంగి కాళ్ళ దగ్గర ఏదో చూసింది.
"ఏమైంది?" గట్టు మీంచి అరిచాను.

జేబులోంచి సుద్దముక్క తీసి
లోపల, మోకాలి పక్కన,
చెమ్మ దిగుతున్న చోట చిన్న గుర్తు పెట్టుకుని
మళ్ళీ తెడ్డందుకుంది.